పట్టు

"ముందు దాని మెరుపు చంపాలి. ఆ తర్వాతే రంగు మాట."

పౌడర్ కోటింగ్ అయిన సామాను మీద పెయింట్ వేయమని ఎవరొచ్చినా మేస్త్రి నోట వచ్చే మొదటి మాట ఇదే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు దాటుకుని లోపలికి వెళితే ఒక సందులో మూడు షెడ్లు పక్కపక్కన ఉంటాయి. మొదటిది పౌడర్ కోటింగ్ షెడ్డు, నడిమిది మేస్త్రిది, మూడోది ఫైబర్ షెడ్డు. ముగ్గురూ ఒకే బండి దగ్గర టీ తాగుతారు. కరెంటు పోతే ముగ్గురూ ఒకేసారి బయటికొచ్చి నిలబడతారు. పని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరిది ఇంకొకరికి పడదు. జరిగిందంతా ఆ పడకపోవడంలోనే ఉంది కాబట్టి, కాస్త ఓపిక పట్టి ఆ మూడు పనులూ ముందు తెలుసుకోవాలి.

పౌడర్ షెడ్డులో తడి రంగు అన్నదే ఉండదు. ఇనుప సామాను ముందు ఏడు తొట్లలో మునిగి లేస్తుంది. జిడ్డు వదిలించే తొట్టి, తుప్పు తినేసే తొట్టి, మధ్యమధ్య మంచినీళ్ళవి, ఫాస్ఫేట్ పట్టించేది. ఆరాక కొక్కేనికి వేలాడదీసి గన్‌తో పొడి కొడతారు. గన్ మొన దగ్గర 60 నుంచి 100 కిలోవోల్టుల దాకా ఉంటుంది. ఆవేశం ఎక్కిన పొడిని ఎర్త్ చేసిన ఇనుము తనంతట తానే లాక్కుంటుంది, వెనకవైపు సందుల్లోకి కూడా. అప్పటికది వేలితో తుడిస్తే రాలిపోయే పిండే. 180, 200 డిగ్రీల ఓవెన్‌లో పది పదిహేను నిమిషాలు ఉండేసరికి కరిగి పరుచుకుంటుంది, లోపలి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఆ ముడి ఇక విడిపోదు. మళ్ళీ వేడి చేసినా కరగదు, థిన్నర్ పోసినా నానదు. మందం 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుందేమో, అంతే. 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన, కాల్చిన ఇనుమును గాలితో పొంగుతున్న పొడి తొట్టిలో ముంచి ఈ విద్యకు దారి వేశాడు. గన్‌తో కొట్టడం 1960లలో వచ్చింది. ఇవాళ మన ఫ్రిజ్జు తలుపు నుంచి రైల్వే స్టేషన్ బెంచీ దాకా ఎక్కడ చూసినా ఆ పూతే.

మేస్త్రికి చిక్కంతా ఆ గట్టిదనంతోనే. రంగు దేన్నైనా పట్టుకోవాలంటే రెండే దారులని ఆయన చెబుతాడు. కింద గరుకు ఉంటే అందులోకి దిగి కరుచుకుంటుంది. లేదా తనలోని థిన్నర్‌తో కింది పాత రంగును కొద్దిగా మెత్తబరిచి అందులో కలిసిపోతుంది. పాత ఎనామిల్ రెండో దారికి లొంగుతుంది. పౌడర్ లొంగదు. దాని మీద ఏం పోసినా గాజు మీద పోసినట్టే పైపైన నిలిచి ఆరిపోతుంది. ఆరిన రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి గోరు తగిలిన రోజున సంగతి బయటపడుతుంది.

అందుకే గీకాలి. గీకడమంటే ఇనుము తేలేదాకా గీకడం కాదు. అది తెలియనివాళ్ళు చేసే పని. ఏడు తొట్లలో ముంచి పెట్టిన రక్షణను చేజేతులా తీసేసుకోవడమే అవుతుంది. 320 నంబరు ఎమ్రీ పేపరుతో మెరుపు పోయి పాలిపోయేదాకా సమంగా రుద్దాలి. మూలల్లో, గొట్టాల మలుపుల్లో పేపరు పోదు కాబట్టి అక్కడ గరుకు ప్యాడు వాడాలి. ఒక్క చోట మెరుపు మిగిలినా ఊడడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. గీకడానికి ముందు ఒకసారి, గీకిన తర్వాత ఒకసారి థిన్నర్ గుడ్డతో తుడవాలి. ముందు తుడవకపోతే పేపరే జిడ్డును గీతల్లోకి నూరి పెడుతుంది. తుడిచాక మేస్త్రి చేత్తో నీళ్ళు చల్లి చూస్తాడు. నీళ్ళు పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. బొట్లు బొట్లుగా విడిపోయి నిలిస్తే ఇంకా జిడ్డుందన్నట్టు, పని మొదటికొచ్చినట్టు. అది దాటాక హార్డెనర్ కలిపిన ఎపాక్సీ ప్రైమరు, దానిమీద పీయూ రంగు. ఎవరో తెలివైన కుర్రాడు యాసిడ్ ప్రైమర్ కొట్టేస్తే గీకక్కర్లేదు కదా అన్నాడొకసారి. "అది ఇనుమును కొరుకుతుందిరా, పొడిని కాదు. నీకూ ఇనుముకీ మధ్యన పౌడర్ ఉంది" అని మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు.

పనైన వారానికి ఆయనే పరీక్ష పెడతాడు. కనపడని మూల చూసి బ్లేడుతో నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు కోస్తాడు, గీతకూ గీతకూ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం. మీద టేపు అంటించి, నొక్కి, ఒక్కసారిగా లాగుతాడు. టేపుకు ఒక్క గడి అంటుకొచ్చినా ఆ పని మీద డబ్బు తీసుకోడు. ఇదే పరీక్షకు ఐఎస్ఓ 2409 అని ప్రపంచమంతా వాడే ప్రమాణం ఉంది. ఏమీ లేవకపోతే సున్నా, బాగా లేచిపోతే అయిదు. మేస్త్రి దగ్గర సున్నా తప్ప మరో అంకె చెల్లదు. గృహప్రవేశానికి రెండ్రోజులే ఉందంటూ ఒకాయన పౌడర్ కోటింగ్ గేటు దించి, గీకకుండానే వేసెయ్యమని రెట్టింపు ఇస్తానన్నాడు. మేస్త్రి ఆ గేటును తన చేత్తోనే మళ్ళీ ఆటో ఎక్కించాడు. ఆ ఏడాది ఇంటద్దె కట్టడానికి ఆయన ఇబ్బంది పడుతున్న సంగతి సందులో అందరికీ తెలుసు.

ఇక మూడో షెడ్డు. ఫైబర్ వాళ్ళు లారీల ముందు గొడుగులూ, ఆటోల టాపులూ, జాతర్లకు ఏనుగు బొమ్మలూ పోస్తారు. అచ్చు ఒకటి ఉంటుంది. దానిమీద జెల్ కోటు కొట్టి, రెజిన్‌తో తడిపిన మ్యాటు పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. ఊడిరావాలంటే ముందు అచ్చుకు వ్యాక్స్ పట్టించి మెరుగు పెట్టాలి. ఆ వ్యాక్స్ అంటే మేస్త్రికి పరమ అసహ్యం. పెయింటు పని చేసేవాడికి దుమ్ముకన్నా, వానకన్నా పెద్ద శత్రువు అది. ఫైబర్ కుర్రాడు టీ గ్లాసు ఇవ్వడానికి వచ్చినా, "ఆ చేత్తో నా తలుపు ముట్టుకోకురా. అక్కడే పెట్టు" అని గడప అవతలే ఆపేవాడు. కుర్రాడు నవ్వుకునేవాడు గానీ చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేవాడు.

ఇప్పుడు బెంచీల సంగతి.

కొన్నేళ్ళ కిందట ఒక ముసలమ్మ పౌడర్ షెడ్డు ముందు ఆటో దిగింది. వెనకాల ట్రాలీలో ఎనిమిది ఇనుప బెంచీలు, వెల్డింగు చేసి తెచ్చినవి. పెద్దాసుపత్రికి ఇస్తానంది. ఆమె భర్త అక్కడ చాలా రోజులు పడకన ఉండి పోయాడు. ఆ రోజుల్లో వరండాలో కూర్చోవడానికి ఏమీ లేదు. నేల మీద కూలబడితే, దారికి అడ్డం లే, లే అని లేపేవాళ్ళు. రాత్రంతా గోడకు ఆనుకుని నిలబడేదట. ఆయన పోయాక గేదెను అమ్మేసింది. పాలు ఎవరికోసం అనుకుందో ఏమో, ఆ మాట చెప్పలేదు.

పౌడర్ షెడ్డు నడిపే ఆయనకు అప్పటికి నలభై దాటలేదు. "పేరేం వేయమంటావమ్మా, నీదా, తాతగారిదా?" అన్నాడు.

"పేర్లెందుకు నాయనా? పేరు చూసి ఎవరైనా కూర్చుంటారా? కూర్చోవాలంటే భయపడతారు అక్కడ, ఎవరైనా లేపుతారేమోనని. కూర్చోండి అని రాయి. అది చాలు."

రాసింది మేస్త్రి. లారీల వెనక, దుకాణాల బోర్డుల మీద ఆయన చేతి అక్షరాలు ఆటోనగర్‌లో దూరం నుంచే గుర్తుపడతారు. ముందు బెంచీలన్నిటికీ తెలుపు పొడి కొట్టి సగం కాల్చారు. పూర్తిగా కాలిస్తే రెండో పూత దానిలో కలవదు కాబట్టి సగమే. వేడికి ఓర్చే పచ్చ టేపు మీద మేస్త్రి అక్షరాలు కోశాడు. వీపు ఆనే పలక మీద వాటిని అంటించి, పైన నీలం కొట్టి, టేపు లాగేసి మళ్ళీ ఓవెన్‌లో పెట్టారు. నీలం మధ్యలో తెల్లగా, మూర పొడవున, "కూర్చోండి" అని తేలింది. అది పైన రాసిన రాత కాదు, పూతలోనే ఉన్న రాత. తుడిస్తే పోదు, కడిగితే పోదు. పౌడర్ షెడ్డు ఆయన పొడి ఖర్చు వరకే తీసుకున్నాడు. మేస్త్రి అదీ తీసుకోలేదు. ముసలమ్మ ఇద్దరికీ చెరో అరటిపండు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆటోనగర్ రాలేదు.

కిందటి కార్తీకంలో అవే బెంచీలు ఒక వ్యాను ఎక్కి సందులోకి వచ్చాయి.

దించింది ఒక కాంట్రాక్టరు. ఆసుపత్రిలో మరమ్మతులన్నీ తనవేనన్నాడు. నీలం తీసేసి మెరూన్ రంగు వేయాలి, వీపు పలక మీద పసుపు అక్షరాలతో ఒక పెద్దాయన పేరు, కింద జ్ఞాపకార్థం అని రాయాలి. మూడు రోజుల్లో ప్రారంభోత్సవం. డ్రైవరు టీ బండి దగ్గర నోరు జారాడు. అమెరికాలో ఉండే ఒకాయన తండ్రి పేరు మీద కొత్త బెంచీలు కొని పెట్టమని డబ్బు పంపాడట. డబ్బు వచ్చింది, బిల్లు పెట్టేశారు, బెంచీలు మాత్రం ఇవి.

పౌడర్ షెడ్డు ఆయన ఆ మాట విని గ్లాసు అక్కడే పెట్టేసి మేస్త్రి దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే కాంట్రాక్టరు బేరం ఆడుతున్నాడు.

"గీకుడూ గిల్లుడూ పెట్టుకోకు మేస్త్రీ. టైము లేదు, డబ్బూ లేదు. పైన ఒక కోటు లాగించెయ్. ఫోటోలో మెరిస్తే చాలు."

గేటును ఆటో ఎక్కించిన మనిషి ఇప్పుడేమంటాడో అందరికీ తెలుసు. ఫైబర్ కుర్రాడు కూడా పని ఆపి చూస్తున్నాడు.

మేస్త్రి ఒక బెంచీ దగ్గర వంగి, తన అక్షరాల మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. లేచి, "సరేనండి" అన్నాడు.

"ఒక్కటే మాట. పాత బెంచీలు ఎనిమిది, మెరూన్ రంగు, గీకనవసరం లేదు అని కాయితం మీద రాసివ్వండి. రేపు మీరే మర్చిపోతారు, నాకు మాటొస్తుంది."

కాంట్రాక్టరు నవ్వుతూ తన కార్డు వెనక అలాగే రాసి, సంతకం పెట్టి పడేశాడు. అడ్వాన్సు ఇవ్వబోతే మేస్త్రి, పనయ్యాక చూద్దామన్నాడు.

వ్యాను వెళ్ళగానే పౌడర్ షెడ్డు ఆయన అడ్డం తగిలాడు. "బాబాయ్, అవి ఆ ముసలమ్మ బెంచీలు. ఊరుకున్నావేంటి? దొంగసొమ్ము కింద మన రాతను పాతిపెడతావా?"

"చూస్తున్నావుగా అబ్బాయ్, గీకొద్దని రాసిచ్చాడు."

"అదే నేనూ అనేది! గీకకుండా వేసిన పని నీ చేతి మీద ఒక్కటైనా ఉందా ఇన్నేళ్ళలో? ఈ సందులో నీ మాట చెప్పుకుని నేను గిరాకీలను పంపుతున్నానే."

మేస్త్రి జవాబు చెప్పలేదు. షట్టరు సగానికి దించుకున్నాడు.

ఆ రెండు రాత్రులూ పౌడర్ షెడ్డులో ఓవెన్ నడిచింది. పెద్ద లోడు ఉండడంతో ఆయన ఇంటికి వెళ్ళలేదు. మధ్యలో గాలి కోసం బయటికొచ్చినప్పుడల్లా మేస్త్రి షట్టరు కింద నుంచి వెలుతురు కనిపించేది. వంగి చూస్తే మేస్త్రి బెంచీ ముందు కూర్చుని గుడ్డతో చిన్న చిన్న చుట్లు తిప్పుతూ పలకల్ని తుడుస్తున్నాడు. కాసేపు ఆగుతున్నాడు, మళ్ళీ అదే పలకను తుడుస్తున్నాడు. ఎమ్రీ పేపరు చప్పుడు లేదు. కాళ్ళకూ, పలకల అంచులకూ మాత్రం వేలెడు వెడల్పున రుద్దినట్టు తెల్లటి గీత కనిపించింది. సందులో థిన్నర్ వాసన కూడా లేదు. అంటే జిడ్డు కూడా సరిగ్గా తీయడం లేదన్నమాట, ఉత్త గుడ్డతో దుమ్ము దులుపుతున్నాడన్నమాట అనుకున్నాడు పౌడర్ షెడ్డు ఆయన.

రెండో రాత్రి ఇంకా ఘోరం చూశాడు. మేస్త్రి అలవాటు ప్రకారం నీళ్ళు చల్లాడు. దీపం వెలుగులో పలక నిండా నీళ్ళు బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. ఏ పిల్లవాడికైనా తెలుస్తుంది, పని మొదటికొచ్చిందని. మేస్త్రి ఆ బొట్లను చాలాసేపు చూశాడు, తల ఊపాడు, ఆర్చేసి, గన్ చేతికి తీసుకున్నాడు. మొదట చాలా పల్చగా ఒక కోటు కొట్టి ఆరనిచ్చి, దానిమీద నిండుగా ఇంకొకటి. పౌడర్ షెడ్డు ఆయన ఇక చూడలేకపోయాడు. ముసలితనం వస్తే చెయ్యి వణకడం తెలుసు, కన్ను మందగించడం తెలుసు. ఇదేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఆ మర్నాటి నుంచి టీ బండి దగ్గరికి వేళ తప్పించి వెళ్ళడం మొదలుపెట్టాడు.

బెంచీలు మాత్రం కొత్త పెళ్ళికూతుళ్ళని మించి మెరిశాయి. పసుపు అక్షరాలు మేస్త్రి చేతి రాతే, వంక పెట్టడానికి లేదు. ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను కత్తిరించారు. అమెరికా ఆయన అక్కడి తెల్లవారుజామున లేచి ఫోన్‌లో చూసి కళ్ళు తుడుచుకున్నాడట. ఆయన మీద జాలి కలుగుతుంది నాకు. తండ్రి పేరు నలుగురికీ నీడ కావాలనుకుని పంపిన డబ్బు అది. కాంట్రాక్టరు మేస్త్రికి డబ్బివ్వడానికి మనిషిని పంపితే, లెక్క చూసి చెబుతానని మేస్త్రి తిప్పి పంపించాడు.

సంక్రాంతికి ఆ దాత తల్లిని తీసుకుని ఇండియా వచ్చాడు. పండగ మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. తల్లి తన భర్త పేరున్న బెంచీ మీద కూర్చుంది. పక్కన ఎవరిదో పసివాడు, సెలైన్ ఎక్కుతున్న అమ్మ కోసం ఎదురుచూస్తూ, గోటితో బెంచీ వీపును గిల్లుతున్నాడు. మెరూన్ రంగు పెచ్చు లేచింది. లాగాడు. అది తునిగిపోలేదు. అంచు దాకా ఒకే పొరగా, మెత్తగా, జానెడు వెడల్పున ఊడి వాడి చేతిలోకి వచ్చేసింది. కింద నీలం. నీలంలో తెల్లటి "కూ".

దాత లేచి మిగిలింది తనే లాగాడు. ఆ పొరతో పాటు తండ్రి పేరూ చేతిలోకి వచ్చింది. కింద గీత లేదు, మచ్చ లేదు, పలక నిన్న ఓవెన్‌లోంచి తీసినట్టుంది. కూర్చోండి. రెండో బెంచీ లాగాడు, మూడోది లాగాడు. అన్నిటి మీదా అదే మాట. వరండా ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, "ఇవి మా ముసలమ్మ బెంచీలే కదండీ, మళ్ళీ వచ్చాయా?" అంది.

మూడో రోజున కాంట్రాక్టరు కారు ఆటోనగర్ సందులో ఆగింది. దిగుతూనే అరుపులు. దొంగ పెయింటు వేశావన్నాడు, పరువు తీశావన్నాడు, నీ షెడ్డు మూయిస్తానన్నాడు, పోలీసు కేసు పెడతానన్నాడు. సందంతా పోగైంది. పౌడర్ షెడ్డు ఆయన కూడా వచ్చి మేస్త్రి పక్కన నిలబడ్డాడు. ఎంత కోపమున్నా పక్క షెడ్డు మనిషిని ఒంటరిగా వదిలే అలవాటు ఆటోనగర్‌లో లేదు.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి కార్డు తీశాడు.

"తప్పకుండా పెట్టండి సార్. పాత బెంచీల మీద వేయించిన రంగు నిలవలేదని రాయండి. ఇదిగో, గీకొద్దని మీరు రాసిచ్చిన కాయితం. పాత బెంచీలు ఎనిమిది అని మీ చేతి రాతే ఉంది, సంతకం కూడా. సాక్షిగా నేనొస్తాను. నాకు రావాల్సిన కూలీ అంటారా, నేనింకా తీసుకోలేదు. వద్దు."

కాంట్రాక్టరు కార్డు వంక చూశాడు, చుట్టూ ఉన్న జనం వంక చూశాడు. తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. కారు వెనక్కి తీసుకోవడానికి సందు చాలక చాలా తిప్పలు పడ్డాడు; ఎవరూ సాయం చేయలేదు.

ఆ నెలలోనే ఆసుపత్రికి ఎనిమిది కొత్త బెంచీలు వచ్చాయి, వెనక ఆ పెద్దాయన పేరుతో. నీలం బెంచీలను తీయనివ్వలేదు దాత తల్లి. ఇప్పుడు వరండాలో పదహారు బెంచీలున్నాయి.

ఆ వార్త తెలిసిన రోజు పౌడర్ షెడ్డు ఆయన రెండు గ్లాసుల టీ పట్టుకుని మేస్త్రి షెడ్డుకు వచ్చాడు.

"గీకకపోవడమే మేలైంది బాబాయ్. దానంతటదే ఊడిపోయింది."

"దానంతటదే ఏదీ ఊడదబ్బాయ్" అన్నాడు మేస్త్రి. టీ తాగేసి, మాస్కు కట్టుకుని బూత్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కంప్రెసరు మోత మొదలైంది.

గ్లాసులు తీసుకుని బయటికొస్తుంటే ఫైబర్ కుర్రాడు ఖాతా పుస్తకంతో ఎదురొచ్చాడు. అలవాటుగా గడప అవతలే ఆగాడు.

"మేస్త్రిగారు లోపలున్నారా అండి? పండగ లెక్కలు చూస్తున్నాను. కార్తీకంలో ఆయన పట్టుకెళ్ళిన వ్యాక్స్ డబ్బా డబ్బులు రావాలి."

"వ్యాక్సా? మేస్త్రా?"

"అవునండి, నేనూ మీలాగే బిత్తరపోయాను. ఆ బెంచీలు దిగిన సాయంత్రమే. తనే మా షెడ్డులోకి వచ్చి అడిగాడండి, పైది ఒక్క పొరగా ఊడిరావాలి, కిందదానికి గీత కూడా పడకూడదు, ఎన్ని పూతలు పట్టించాలిరా అని. నాలుగు చాలన్నాను."

కుర్రాడు పుస్తకం మూశాడు.

"ఆరు పట్టించాడు."